టెక్సాస్ నీళ్లు, మర్రిగూడ నీళ్లు

పిల్లలూ, 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 191 దేశాల ఆరోగ్య వ్యవస్థలకు ర్యాంకులు వేసింది. ఫ్రాన్సుకు మొదటి ర్యాంకు, ఇటలీకి రెండోది, జపానుకు పదోది. వైద్యం మీద అందరికంటే ఎక్కువ డబ్బు పెట్టే అమెరికాకు 37. మన దేశానికి 112. ఆ జాబితా బయటికి రాగానే దేశదేశాల పండితులు దాన్ని పట్టుకుని ఏకి పెట్టారు. ఏ కొలతకు ఎంత విలువ కట్టారు, లెక్కలే లేని దేశాలకు అంకెలు ఎక్కణ్నించి తెచ్చారు అని నిలదీశారు. ఆ సంస్థ మళ్లీ అలాంటి ర్యాంకుల జోలికి పోలేదు.

అయినా దేశాన్ని దేశంతో పోల్చి చూడాలన్న ఆశ చెడ్డదేం కాదు. పోల్చుకోకపోతే మన దగ్గర ఏం తక్కువైందో తెలిసే దారే లేదు. మామూలుగా రెండు కొలతలు చూస్తారు. ఇవాళ పుట్టిన బిడ్డ సగటున ఎన్నేళ్లు బతుకుతుందన్నది ఒకటి. పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఏడాది నిండకుండా ఎందరు పోతున్నారన్నది రెండోది. 2020 లెక్కల్లో ఈ రెండో అంకె కేరళలో 6, తెలంగాణలో 21, దేశం మొత్తం మీద 28. జపానులో రెండుకు అటూ ఇటూగా ఉంటుంది. తల్లి కడుపునిండా తిన్నదా, కాన్పు దవాఖానలో అయిందా, టీకాలు పడ్డాయా, తాగే నీళ్లు మంచివేనా, ఇవన్నీ కలిసి ఆ ఒక్క అంకెలోకి వచ్చి చేరతాయి. అందుకే నాకు ఆ అంకె మీద గౌరవం.

కానీ చూడండి, ఈ రెండు కొలతలూ చావుల్నే లెక్కపెడతాయి. మనిషిని చంపకుండా నలభై ఏళ్లపాటు నడుము వంచి, మెడ బిగించి, ఇంట్లో మూలన కూర్చోబెట్టే జబ్బు ఉందనుకోండి. అది ఏ అంకెలో కనబడుతుంది? అలాంటి జబ్బు మన నల్లగొండ జిల్లాలో తరాల తరబడి ఉంది. ఫ్లోరోసిస్. దేశాల ఆరోగ్యాల్ని ఎట్లా పోల్చాలో ఈ ఒక్క జబ్బు చెప్పినంత వివరంగా నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఇవాళ దాని సంగతే మాట్లాడుకుందాం.

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు, దేవరకొండ వైపు ఎటు చూసినా గుట్టలు, బండలు, చెల్కలు. కింద ఉన్నదంతా గ్రానైటు. ఆ రాతిలోని ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం వంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. మనకు వాన తక్కువ, ఎండ ఎక్కువ. ఇంకిన కాస్త నీరు రాతి పగుళ్లలో ఏళ్లకేళ్లు నిలవుండి ఆ ఫ్లోరిన్‌ను మెల్లగా తనలోకి లాక్కుంటుంది. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దించేసేది. ఈ నీళ్లలో సోడియం, బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ. అందుకే ఫ్లోరైడ్ కరిగిందల్లా కరిగినట్టే ఉండిపోతుంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. ఒక్క మిల్లీగ్రాము దాటకుంటే మంచిదని, వేరే నీళ్లు దొరకనప్పుడే ఒకటిన్నర దాకా పర్వాలేదని మన భారతీయ ప్రమాణాల సంస్థ మాట. మా జిల్లాలో కొన్ని బావుల్లో పది దాటింది, ఇరవై దాకా పోయినవీ ఉన్నాయి. ఆ నీళ్లకు రంగు తేడా ఉండదు, వాసన ఉండదు. చల్లగా, తేటగా ఉంటాయి. చెంబెత్తి తాగుతాం.

తాగినదాంట్లో కొంత మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. మిగిలింది ఎముకల్లోకి, పిల్లలకైతే ఎముకలతోపాటు తయారవుతున్న పండ్లలోకి చేరుతుంది. ఎముక అంటే కాల్షియం, ఫాస్ఫేటు కలిసి కట్టిన స్ఫటికాలు. వాటిలో ఆక్సిజన్, హైడ్రోజన్ జంటగా కూర్చునే చోట్లు కొన్ని ఉంటాయి. ఆ జంటా, ఫ్లోరైడ్ అయానూ ఇంచుమించు ఒకే సైజు. పండగనాడు దేవరకొండ బస్సులో ఎవరో ఒక్క నిమిషం లేచి కిందికి దిగితే, కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు పట్టేసేవాడు ఉంటాడు చూడండి, ఫ్లోరైడ్ అలా ఆ చోటు పట్టేస్తుంది. ఇక అంత తేలిగ్గా లేవదు. మన ఎముక కూలుతూ కడుతూ ఎప్పుడూ మరమ్మతులో ఉండేదే కాబట్టి, ప్రతి మరమ్మతులోనూ ఇంకో నాలుగు సీట్లు దానికి దక్కుతాయి. ఇరవై ఏళ్లు గడిచేసరికి ఎముక మందమవుతుంది, కానీ పెళుసుబారుతుంది. కీళ్ల దగ్గరి నరాల్లాంటి కట్లు కూడా సున్నం పట్టి గట్టిపడతాయి. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుని మధ్యలో ఉన్న వెన్నుపామును నొక్కుతాయి. కాళ్లు చేతులు పడిపోయేది అందుకే.

దీన్ని పట్టడానికి ఊళ్లో చేసే పరీక్షకు యంత్రం అక్కర్లేదు. నేల మీద ఒక రూపాయి బిళ్ల పెట్టి, మోకాళ్లు వంచకుండా తీయమంటారు. నడుము బిగిసినవాళ్లు సగం దూరం వంగి ఆగిపోతారు. తర్వాత గడ్డాన్ని ఛాతీకి ఆనించమంటారు. మెడ పట్టేసినవాళ్లకు అది ఆనదు. మూడోది, చేతులు రెండు పక్కలా చాచి, మోచేతులు మడిచి, తల వెనక వేళ్లు తాకించమంటారు. భుజాలు అరిగిన ముసలితనానికీ దీనికీ తేడా ఎట్లా తెలుస్తుందంటే, పరీక్షలో ఓడేవాళ్లలో ముప్ఫై ఐదేళ్లవాళ్లు కూడా ఉంటారు.

ఇప్పుడు సముద్రం దాటుదాం. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి 1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు వచ్చాడు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ల పండ్ల మీద గోధుమరంగు మచ్చలు. ఎవరూ దాన్ని జబ్బు అనుకోలేదు. ఆయన మాత్రం వదల్లేదు, ముప్ఫై ఏళ్లు ఆ మచ్చ వెంట తిరిగాడు. 1923లో ఐడహో రాష్ట్రంలో ఓక్లీ అనే చిన్న ఊరి తల్లిదండ్రులు ఆయన్ను పిలిపించారు. ఐదు మైళ్ల అవతలి వేడినీటి ఊట నుంచి ఊరికి పైపు వేసుకున్నాకే పిల్లల పండ్లు మచ్చలు పడుతున్నాయని చెప్పారు. మెకే ఆ నీళ్లు పరీక్ష చేస్తే ఏమీ తేలలేదు. అయినా ఆ పైపు వదిలేసి వేరే ఊట నుంచి నీళ్లు తెచ్చుకోండి అన్నాడు. ఊరివాళ్లు విన్నారు. కొన్నేళ్లకు చిన్నపిల్లలకు వచ్చిన కొత్త పండ్లు తెల్లగా, నిగనిగలాడుతూ వచ్చాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అప్పటికి కారణం ఫ్లోరైడ్ అని భూమ్మీద ఎవరికీ తెలియదు. చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ సంగతి కనిపెట్టింది 1931లో. అంటే కారణం తెలియకముందే ఆ ఊరు నీళ్లు మార్చుకుంది. మార్చుకునే తాహతు ఆ ఊరికి ఉంది, అడిగితే వినే పెద్దలు ఉన్నారు. పండ్ల మీద మచ్చ పడ్డందుకే అంత పని జరిగింది.

ఎముకల సంగతి మొదట బయటపడింది డెన్మార్కులో. 1932లో కోపెన్‌హాగన్‌లో క్రయొలైట్ అనే ఖనిజాన్ని పొడిచేసే ఫ్యాక్టరీ కూలీల ఎముకలు ఎక్స్‌రేలో సుద్దముక్కల్లా తెల్లగా కనిపించాయి. అదే కాలంలో ఇటు మన ప్రకాశం, నెల్లూరు వైపు పొదిలి, దర్శి రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగిసి నడవలేకపోవడం గమనించారు. 1937లో మద్రాసు కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి షార్ట్ అనే డాక్టరూ, ఆయన తోటివాళ్లూ అక్కడి మనుషుల్లో ఈ జబ్బును వర్ణిస్తూ వ్యాసం రాశారు. ఫ్యాక్టరీ కూలీకి దుమ్ము వల్ల వచ్చింది ఇక్కడ బావి నీళ్ల వల్ల వస్తోందని లోకానికి చెప్పిన మొదటి రాతల్లో అదొకటి.

ఆ తర్వాత 1945. ఆ ఏడు జనవరి 25న అమెరికాలో గ్రాండ్ ర్యాపిడ్స్ నగరం తన నీళ్లలో ఫ్లోరైడ్‌ను కావాలని కలపడం మొదలుపెట్టింది. లీటరుకు ఒక్క మిల్లీగ్రాము ఉంటే పండ్లు తక్కువగా పుచ్చుతాయని డీన్ అనే ప్రభుత్వ దంతవైద్యుడు తేల్చాడు, అది చేసి చూద్దామని. అదే 1945లో నిజాం పాలనలో ఉన్న మన నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని డేవర్ అనే డాక్టరు ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశాడు. మర్రిగూడ దగ్గరి బట్లపల్లి పేరు ఆనాటి నుంచీ వినబడుతోంది. పదేళ్లకు, 1955లో, సిద్దిఖీ అనే హైదరాబాదు డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ రోగుల గురించి వివరంగా రాశాడు. సంగతి లండన్ దాకా పోయింది. నీళ్లు మాత్రం మారలేదు.

మీ అన్నలూ అక్కలూ డల్లాస్‌లో, ఆస్టిన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు కదా. ఆస్టిన్‌కు కాస్త దూరంలో బార్ట్‌లెట్ అని చిన్న ఊరు. ఒకప్పుడు అక్కడి నీళ్లలో లీటరుకు 8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉండేది. అదే ప్రాంతంలోని క్యామెరాన్ అనే ఊళ్లో 0.4. అమెరికా ప్రభుత్వ డాక్టర్లు 1943లో ఒకసారి, పదేళ్ల తర్వాత మరోసారి రెండు ఊళ్లవాళ్లనూ కూర్చోబెట్టి పరీక్షించారు. బార్ట్‌లెట్‌వాళ్ల పండ్లు మచ్చలతో నిండి ఉన్నాయి. కొందరి ఎక్స్‌రేల్లో ఎముక కాస్త దట్టంగా కనబడింది. నడుము వంగినవాళ్లు, కాళ్లు పడిపోయినవాళ్లు లేరు. అదే ఎనిమిది మిల్లీగ్రాములు, అంతకంటే తక్కువ కూడా, మన ఊళ్లలో జనాన్ని పాకించింది. ఒకే విషం, లీటరుకు ఒకే మోతాదు, రెండు దేశాల్లో రెండు జబ్బులు. ఎందుకు?

మొదట చెమట సంగతి చూద్దాం. రోజుకు మొత్తం మీద 14 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఒంట్లోకి పోతే ఎముకలకు చేటు ఖాయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆరు దాటినా అనుమానమే. ఇప్పుడు కూడిక మీరే చెయ్యండి. చల్లని ఇంట్లో కూర్చుని రోజుకు లీటరున్నర తాగే మనిషికి 8 మిల్లీగ్రాముల నీళ్లతో 12 అవుతుంది. మే నెలలో చెల్కలో పనిచేసే కూలి మనిషి ఐదు లీటర్లు తాగుతుంది. లీటరుకు నాలుగే ఉన్నా 20 అవుతుంది. అన్నం ఉడికించిన నీళ్లు, అంబలి కాచిన నీళ్లు దీని మీద అదనం. అమెరికావాళ్లు దీన్ని ముందే పట్టుకున్నారు. 1962లో వాళ్లు పెట్టిన నియమంలో చలి ప్రాంతానికి 1.2, వేడి ప్రాంతానికి 0.7 అని ఎండను బట్టి మోతాదు మారేది. లోకమంతటికీ ఒకే అంకె పనికిరాదని దాని అర్థం.

రెండోది కంచం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఒక కొత్త సంగతి రాశారు. ఫ్లోరైడ్ ఊళ్లలో పిల్లల మోకాళ్లు లోపలికి ఒరిగి, ఒకదానికొకటి తగులుతూ కాళ్లు విచ్చుకుంటున్నాయి. ఎముకలు గుల్లబారుతున్నాయి. కాల్షియం అందని పిల్లల ఒంట్లో ఫ్లోరైడ్ చేసే పని వేరేలా ఉంటుందని తేలింది. ఆ సంస్థవాళ్లే జొన్న ప్రధానంగా తినేవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తోందని, ఆ నేలల్లో పండే జొన్నల్లో మాలిబ్డినం ఎక్కువై ఒంట్లోని రాగిని బయటికి పంపేస్తోందని గమనించారు. జొన్న మీద నింద వేయకండి. జొన్న రొట్టె మంచి తిండే. దానితోపాటు పాలు, పెరుగు, ఆకుకూర, పప్పు లేకపోవడమే లోటు. టెక్సాస్ పిల్లవాడికి రోజూ గ్లాసెడు పాలు దొరికాయి, మర్రిగూడ పిల్లవాడికి దొరకలేదు.

ఇంకో మాట. అదే సంస్థలో ఖండారే తోటివారితో కలిసి 2002లో బడి పిల్లల మీద చేసిన పరిశోధనలో చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని తేలింది. మన పచ్చిపులుసుకు ఆ గుణం ఉందంటే నాకు సంతోషమే. కానీ పచ్చిపులుసు ఉంది కదా అని బోరు నీళ్లు తాగమని ఎవరైనా అంటే వినొద్దు.

జబ్బు ఇంత ముదిరాక నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఉపాయం కోసం వెతికారు. 1970లలో నాగపూర్‌లోని నీరీ సంస్థ ఇంజనీర్లు తయారుచేసిన పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. ఫ్లోరైడ్ తీసే పద్ధతుల గురించిన పుస్తకాల్లో ఆ పేరు తరచూ కనబడుతుంది. చేసేది ఇంతే. కుళాయి ఉన్న బకెట్టులో నీళ్లు పోసి పటిక వేయాలి, దానిలో ఇరవయ్యో వంతు సున్నం వేయాలి, సూక్ష్మజీవులు చావడానికి చిటికెడు బ్లీచింగు పొడి. మొదట గబగబా కలపాలి, తర్వాత మెల్లగా తిప్పుతూ ఉండాలి. పది నిమిషాలకు నీళ్లలో దూదిపింజల్లాంటి తెల్లటి రేకులు పుడతాయి. అవే ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతాయి. గంట సేపు కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లను అడుగు మడ్డి కలవకుండా కుళాయి తిప్పి పట్టుకోవాలి. పటిక, సున్నం కిరాణా కొట్టులో దొరికేవే. కరెంటు అక్కర్లేదు.

1990లలో ఈ పద్ధతి టాంజానియాలోని అరూషా ప్రాంతానికి, ఆ తర్వాత ఇథియోపియాలోని రిఫ్ట్ లోయకు పోయింది. అక్కడ అగ్నిపర్వతాల రాయి, అందులోనూ ఇదే ఫ్లోరిన్. టాంజానియావాళ్లు ఒకప్పుడు 8 మిల్లీగ్రాముల నీళ్లను కూడా తాగొచ్చని హద్దు పెట్టుకున్నారు, తర్వాత 4కు దించారు. వాళ్ల తప్పేం లేదు. అంతకంటే మంచి నీళ్లు ఇవ్వలేని దేశం కాగితం మీద ఒకటిన్నర అని రాసుకుంటే ఏం లాభం? ఉన్నదాంట్లో ఏది చేయగలమో దాన్ని చట్టంగా రాసుకున్నారు. దేశాల ప్రమాణాలను పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

మరి నల్లగొండ టెక్నిక్ నల్లగొండను ఎందుకు గట్టెక్కించలేదు? ఉప్పులెక్కువున్న మన నీళ్లకు లీటరుకు వందల మిల్లీగ్రాముల పటిక పడుతుంది. పటిక మోతాదు ఒక్కో బావికి ఒక్కో తీరు, కొలిచి చెప్పేవాళ్లు ఊళ్లో ఉండాలి. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, రుచి చెడుతుంది. రోజూ మిగిలే మడ్డిని ఎక్కడ పోయాలి? తెల్లారి కూలికి పోయి పొద్దుగూకి వచ్చే ఆడమనిషి గంటంబావు బకెట్టు దగ్గర ఎప్పుడు నిలబడుతుంది? ఊరంతటికీ పెట్టిన ప్లాంట్లకు పటిక కొనే బడ్జెటు, మనిషి, మరమ్మతు, ఏదో ఒకటి ఆగిపోయేది. శాస్త్రం సరైనదే. దాన్ని రోజూ నడిపించే వ్యవస్థ లేదు.

చైనా సంగతి దీనికి జోడించి చూడాలి. అక్కడి గ్వీజౌ రాష్ట్రంలో ఫ్లోరైడ్ నీళ్లలో రాలేదు. పొగగొట్టం లేని పొయ్యిలో ఫ్లోరిన్ ఉన్న బొగ్గు కాల్చి, దాని మీద మక్కజొన్న, మిరపకాయలు ఆరబెట్టేవాళ్లు. పొగ తిండికి పట్టేది, తిండి ఒంటికి పట్టేది. అక్కడ మందులతో కాకుండా పొయ్యిలు మార్చడంతో పని మొదలుపెట్టారు, పొగగొట్టాలు పెట్టించారు. ఆ ఇళ్లలోకి పోయి పొయ్యి మార్చిన మేస్త్రీ కూడా ఆరోగ్య వ్యవస్థలో భాగమే అని నేనంటాను.

ఇక దవాఖానల సంగతి. పేదవాళ్లకు పెద్ద ఆపరేషన్లు ఉచితంగా చేయించే ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట మూడు జిల్లాల్లో వచ్చింది. అందులో మన పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, ఒకటి, అనంతపురం, శ్రీకాకుళం మిగతా రెండు. వలస కూలీల జిల్లాగా దేశమంతా ఎరిగిన మహబూబ్‌నగర్‌కు అది ముందు రావడం న్యాయం. గుండె ఆపరేషన్‌కు పొలం అమ్ముకోకుండా బయటపడ్డ కుటుంబాలు ఎన్నో. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు నచ్చదు. 2001లో థాయిలాండ్ 30 బాత్‌ల పథకం పెట్టింది, దాదాపు ఏ జబ్బుకైనా దవాఖానకు పోతే మన లెక్కలో వంద రూపాయలలోపు కడితే సరిపోయేది. తేడా ఏమిటంటే, థాయిలాండ్ అంతకు ముందు ఇరవై ఏళ్లుగా జిల్లా దవాఖానలు కట్టి, డాక్టర్లను పల్లెలకు పంపి పెట్టుకుంది. కార్డు చేతికొచ్చేసరికి దాన్ని చూపించడానికి దగ్గర్లో దవాఖాన ఉంది. మనకు కార్డు ముందు వచ్చింది. మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో, నల్లగొండలో 2019లో మొదలయ్యాయి. అదే 2019లో బీబీనగర్ ఎయిమ్స్‌లో తరగతులు మొదలయ్యాయి.

కానీ ఏ కార్డు ఉన్నా, ఏ ఎయిమ్స్ ఉన్నా, ఫ్లోరోసిస్‌తో బిగిసిన వెన్నును మళ్లీ వంచగల మందు ఈ లోకంలో లేదు. వెన్నుపాము మీది ఒత్తిడి తగ్గించడానికి కొందరికి ఆపరేషన్ చేస్తారు, నొప్పికి మందు ఇస్తారు, అంతే. ఫ్రాన్సుకు తీసుకుపోయినా అదే. డాక్టర్ల సంఖ్య, మంచాల సంఖ్య చూసి దేశాల్ని పోల్చే పద్ధతి ఇక్కడ చేతులెత్తేస్తుంది. అందుకే 1993లో ప్రపంచ బ్యాంకు నివేదికలో ఒక కొత్త కొలత వచ్చింది. చావుతో పోయిన ఏళ్లతోపాటు, అవిటితనంతో గడిపిన ఏళ్లను కూడా బరువు కట్టి లెక్కలో కలుపుతారు. ఆ కొలతలో మర్రిగూడ మూలన కూర్చున్న మనిషికీ ఒక చోటు దొరికింది. అయితే లెక్కపెట్టాలంటే మనిషి ఇంట్లో కనబడాలి కదా. పుణెకో ముంబైకో పనికి పోయిన పాలమూరు కుటుంబం సర్వేవాళ్లు వచ్చిన రోజు ఇంట్లో ఉండదు. పోయిన చోట వాళ్లు ఊరివాళ్లు కారు. రెండు చోట్లా లెక్కలోంచి జారిపోతారు. జిల్లాల అంకెలు చూసేటప్పుడు నేను ముందు ఆ తాళం వేసిన ఇళ్లను తలుచుకుంటాను.

మరి మన నీళ్లు ఎట్లా మారాయి? కృష్ణ మా జిల్లా దక్షిణపు అంచునే పారుతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేసింది ఈ నేల మీదే. ఆనకట్ట పల్లంలో, ఫ్లోరైడ్ ఊళ్లు మెట్టన. నీళ్లు పల్లానికే పారాయి. దుశర్ల సత్యనారాయణ, ఆయన పెట్టిన జల సాధన సమితి ఈ మాటనే ఊరూరా తిరిగి చెప్పారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. ఫ్లోరైడ్ బాధ దేశానికి తెలియాలని నామినేషన్లు వేసినవాళ్లే అందులో ఎక్కువ. ఓటు కాగితం పుస్తకంలా తయారైంది, పోలింగు వాయిదా పడింది. సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు, స్వతంత్రులకు డిపాజిట్లు పోయాయి. ఆ ఏడే దేశమంతా డిపాజిట్ 500 నుంచి పది వేలకు పెంచారు. ఐదువందల రూపాయలు పెట్టి నీళ్లడిగినవాళ్ల పట్టుదలను ఏ ఆరోగ్య నివేదికలోనూ రాయరు గానీ, నా లెక్కలో అదీ ప్రజారోగ్యమే. ఓక్లీ తల్లిదండ్రులు ఒక్కసారి అడిగితే పైపు మారింది. మావాళ్లు అడిగి అడిగి అలసినా ఆపలేదు.

2015 జూన్ 8న చౌటుప్పల్‌లో, ఇంటింటికీ కుళాయి నీళ్లివ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టిన మిషన్ భగీరథకు నాంది పలికారు. తర్వాతి ఏళ్లలో కృష్ణా జలం శుద్ధి అయి, పైపుల్లో మెట్ట ఊళ్లకు ఎక్కింది. 2020 నాటికి రాష్ట్రంలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు లేవని ప్రభుత్వ లెక్క. నది నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువ, అది నిజం. అయినా కుళాయి రాని రోజు, పైపు పగిలిన వారం, పొలం దగ్గర దాహమైనప్పుడు పాత బోరే దిక్కయ్యే ఇళ్లు ఉన్నాయి. రుచి బాగుందని బోరు నీళ్లే తాగే పెద్దవాళ్లూ ఉన్నారు.

నీళ్లు నిజంగా మారాయో లేదో చెప్పే సాక్ష్యం మీ తమ్ముళ్ల, చెల్లెళ్ల నోళ్లలో తయారవుతోంది. పై వరస ముందు పండ్లు రెండు ఏడెనిమిదేళ్లకు ఊడి కొత్తవి వస్తాయి. కానీ వాటి మీది పింగాణీ పొర పుట్టినప్పటి నుంచి నాలుగైదేళ్ల లోపే చిగురు కింద తయారైపోతుంది. ఎముకలా దానికి మరమ్మతు ఉండదు. ఆ ఏళ్లలో తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే తెల్లటి సుద్ద గీతలుగానో, ముదిరితే గోధుమరంగు అడ్డచారలుగానో శాశ్వతంగా ఉండిపోతుంది. రెండు పక్కల పండ్ల మీదా ఒకే తీరుగా ఉంటుంది, తోమితే పోదు. గార అయితే తోమితే పోతుంది, చిగురు అంచున ఎక్కువగా ఉంటుంది. ఈ మచ్చల్ని ఏమీ లేనిదాని నుంచి బాగా ముదిరినదాని దాకా ఆరు మెట్లుగా విడగొట్టిన పద్ధతి డీన్ పెట్టిందే, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు.

కుళాయి వచ్చాక పుట్టిన పిల్లలు ఇప్పుడు ఒకటో తరగతి నుంచి పైకి వస్తున్నారు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు బడుల్లోని సారులు, టీచరమ్మలు ఏటా ఒకరోజు పంటి డాక్టరును పిలిపించి, పగటి వెలుతురులో పిల్లల ముందు పండ్లు చూపించాలి. పేరు అక్కర్లేదు. పుట్టిన ఏడు, చిన్నప్పుడు తాగిన నీళ్లు కుళాయివా బోరువా, మచ్చ ఏ మెట్టుది, ఈ మూడూ ఒక రిజిస్టరులో రాస్తే చాలు. 2012లో పుట్టిన అక్క పండ్లు, 2018లో పుట్టిన తమ్ముడి పండ్లు పక్కపక్కన కనబడతాయి. మచ్చ ఉన్న తమ్ముడు ఎక్కడైనా తేలితే ఆ ఇంటికి పోయి ఏ నీళ్లు తాగుతున్నారో అడగొచ్చు, ఆ బోరు నీళ్లు సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పంపొచ్చు. ఆ బిడ్డకు ఇంకా రాని పండ్లున్నాయి, పెరగాల్సిన ఎముకలున్నాయి, నీళ్లు ఇవాళ మార్చినా వాటికి పనికొస్తుంది.